రోబో పక్కన నిలబడడం ఎట్లా?

ఈ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా మామ అరుగు మీద కూర్చోబెట్టుకొని ఒక మాట అడిగినాడు. ఆయనది బేల్దారి పని. కళ్యాణదుర్గం పక్కన నాలుగెకరాల మెట్ట ఉంది గానీ, వేరుశనగ వరసగా దెబ్బ తీసేసరికి, తాపీ, రసమట్టం సంచిలో వేసుకొని బెంగుళూరు బస్సెక్కినాడు. పండక్కీ, జాతరకూ వచ్చిపోతా ఉంటాడు.

"ఏమల్లుడా, నువ్వు సివిలే గదా సదివేది? అయితే నాకొకటి చెప్పు" అని మొదలుపెట్టినాడు.

ఆయన పనిచేసే చోటికి ఆనుకొని ఒక పాత మేడను పడగొడుతున్నారట. పడగొట్టేది మనుషులు కాదు, ప్రొక్లెయినూ కాదు. చిన్న మిషను. దానికి నాలుగు కాళ్ళు, ఒక చెయ్యి, చేతి చివర కాంక్రీటు పగలగొట్టే సుత్తి. డ్రైవరు కూర్చునే సీటే లేదు. ఒక మనిషి మెడకు డబ్బా తగిలించుకొని, దూరంగా నిలబడి, దానిమీది పుల్లలు కదిలిస్తా ఉంటే ఇది గోడలు పగలగొడతా ఉంది. మధ్యలో ఎందుకో ఆగింది. కదిరి పక్క పిల్లోడొకడు, ఆగింది గదా అని, ఇనుప కడ్డీలు లాగేదానికి దాని కిందికి దూరినాడు. అంతలో ఆ చెయ్యి గిర్రున తిరిగింది. జానెడు తేడాలో తల దక్కింది.

"డబ్బా పట్టుకున్నాయప్పకు మా పిల్లోడు కనపడలే. మా పిల్లోనికి అది మళ్ళీ తిరుగుతాదని తెలీదు. తప్పు ఎవురిది?" అన్నాడు మామ.

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయినాను. స్లాబులో ఎంత ఇనుము వెయ్యాలో లెక్క కట్టగలను. మట్టి బలం ఎంతో పరీక్ష చేసి చెప్పగలను. కానీ తనంతట తాను కదిలే యంత్రం పక్కన మనిషి ఎంత దూరంలో నిలబడాలి అంటే నా దగ్గర లెక్క లేదు. సెలవుల తరువాత ఆ లెక్క కోసం వెతుకుతా పోతే అది రెండు సంగతుల దగ్గరికి తీసుకుపోయింది. ఒకటి రోబో భద్రత. రెండోది దాన్ని నేర్పడానికి ఇప్పుడు కొన్ని దేశాల్లో వాడుతున్న వర్చువల్ రియాలిటీ. తోటి విద్యార్థులకు ఉపయోగపడుతుందనే ఆశతో తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

బోనులో రోబో, బయట రోబో

రోబో అనే మాట ఇంజనీర్లు పుట్టించింది కాదు. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో రాసిన నాటకంలోంచి వచ్చింది. వాళ్ళ భాషలో దాని మూలానికి అర్థం వెట్టిచాకిరి. ఫ్యాక్టరీలో మొదటి రోబో 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో, జనరల్ మోటార్స్ వారి కర్మాగారంలో పనికి దిగింది. కాలుతున్న లోహపు అచ్చులను ఎత్తిపెట్టే వెట్టిపనే దానికీ దక్కింది.

మనకు దగ్గరలో రోబోలు చూడాలంటే పెనుకొండ దాకా పోతే చాలు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అప్పుడది మన అనంతపురం జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అటువంటి ఫ్యాక్టరీల్లో కారు బాడీకి వెల్డింగు చేసేవి రోబోలే. అవి కంచె లోపల ఉంటాయి. తలుపు తెరిస్తే కరెంటు ఆగేలా అమరిక ఉంటుంది. నేల చదును, వెలుతురు బాగా ఉంటుంది, రోబో కాళ్ళు నేలకు బిగించి ఉంటాయి. నిన్న ఎక్కడ ఉందో ఇవాళా అక్కడే ఉంటుంది. ఒక రకంగా అది బోనులో పులి.

కట్టడాల దగ్గర బోను కట్టడం కుదరదు. ఇవాళ ఉన్న గోడ రేపు ఉండదు. నిన్న లేని గుంత ఇవాళ ఉంటుంది. యంత్రం తానే ఒక చోటినుంచి ఇంకో చోటికి పోతుంది. ఆ పక్కనే కంకర మోసే ఆడవాళ్ళు, సెంట్రింగు కొట్టేవాళ్ళు, టీ తెచ్చే పిల్లోడు అందరూ తిరుగుతా ఉంటారు. కాబట్టి ఫ్యాక్టరీ రోబో కోసం రాసిన జాగ్రత్తలను ఉన్నవి ఉన్నట్టుగా సైటుకు తెచ్చుకోలేం.

నిర్మాణ రోబోలు మరీ కొత్తవేమీ కావు. జపానులో షిమిజు కంపెనీ 1983లోనే ఉక్కు దూలాల మీద నిప్పు తగలకుండా పూత చల్లే రోబోను వాడింది. స్వీడను దేశపు బ్రాక్ కంపెనీ 1970ల నుంచి పడగొట్టే యంత్రాలు చేస్తోంది. మా మామ చూసింది ఆ జాతి యంత్రమే అయ్యుంటుంది. అర టన్ను బరువున్నవి మొదలుకొని పది టన్నులు దాటినవాటి వరకూ ఉన్నాయి. ఇటుకలు పేర్చేవి, ఇనుప కడ్డీలకు బైండింగు వైరు ముడి వేసేవి, పైకప్పుకు రంధ్రాలు వేసేవి కూడా వచ్చినాయి.

మన పక్కకు ముందుగా వచ్చింది కాంక్రీటు ముద్రణ. మురుకుల గొట్టంలోంచి పిండి ఒత్తినట్టు, యంత్రపు చెయ్యి కాంక్రీటును వరస మీద వరసగా పోస్తా పోతుంది. మద్రాసు ఐఐటిలో 2021లో ఇట్లా ఒక ఇల్లు కట్టినారు. 2023 ఆగస్టులో బెంగుళూరు హలసూరు దగ్గర కేంబ్రిడ్జి లేఅవుట్‌లో ఈ పద్ధతిలో కట్టిన పోస్టాఫీసును ప్రారంభించినారు. అదే ఏడు సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో ఒక గుడి లేచింది. వినాయకునికి మోదకం ఆకారంలో, శివునికి నలుపలకలుగా, పార్వతీదేవికి తామరపువ్వులాగా మూడు గర్భాలయాలను యంత్రమే పోసింది.

మనిషి పోలేని చోటికి రోబో పోవడం కూడా తెలుగునేల మీదే చూసినాం. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, దోమలపెంట వైపు, కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినారు. చివరి భాగంలో తవ్వితే కాపాడేవాళ్ళ మీద కూడా కప్పు పడుతుందని భయం. మార్చి నెలలో హైదరాబాదులోని ఒక సంస్థ తయారుచేసిన రోబోలను లోపలికి పంపినారు. ఆ ఎనిమిది మందిలో ఎవరినీ ప్రాణాలతో బయటికి తేలేకపోయినారనేది బాధాకరమైన నిజం. అయినా ప్రమాదం ఉన్న చోట ముందు యంత్రం పోవాలి, మనిషి తరువాత పోవాలి అనే ఆలోచన అక్కడ గట్టిపడింది.

అంటే రోబో మనకు శత్రువు కాదు. దుమ్ము, ఎత్తు, కూలే గోడ వంటి వాటి నుంచి మనిషిని తప్పించేది అదే. అయితే తప్పించిన ప్రమాదం స్థానంలో తన ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. చిక్కు అక్కడుంది.

మూడు చావులు, ఒకే పాఠం

1979 జనవరిలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఒక కారు ఫ్యాక్టరీలో సామాన్ల అర వద్ద పనివాడొకడు లోపలికి ఎక్కినాడు. సరుకు లెక్క సరిగా చూపడం లేదని తానే తీయబోయినాడు. వెనకనుంచి రోబో చెయ్యి తలకు తగిలి చనిపోయినాడు. రోబో చేతిలో ప్రాణం పోయిన మొదటి మనిషిగా ఆయన్ను చెప్పుకుంటారు.

1981లో జపానులోని ఆకాషిలో రోబో చెడిపోయిందని చూడడానికి మరమ్మతు పనివాడు కంచె దాటి లోపలికి దిగినాడు. కరెంటు పూర్తిగా ఆపలేదు. యంత్రపు చెయ్యి అతన్ని పక్కనున్న మిషనులోకి నెట్టింది. 2015లో మన దేశంలోనే, హర్యానాలోని మానేసర్‌లో, జారిన రేకును సర్దడానికి రోబో దగ్గరికి పోయిన కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

మూడు దేశాలు, మూడు కాలాలు. కానీ మూడింటిలోనూ మనిషి పోయింది మామూలు పనికే. ఏదో ఇరుక్కుంది, ఏదో జారింది, ఒక్క నిమిషంలో సర్ది వచ్చేద్దాం అనుకొని పోయినారు. కదిరి పిల్లోడు చేసింది కూడా అదే. ఎద్దు ఆగిందంటే అలిసిందని అర్థం. జేసీబీ ఆగిందంటే డ్రైవరు దిగినాడని అర్థం. ఈ అలవాటు మన ఒంట్లో ఉంది. రోబో ఆగిందంటే మాత్రం చాలాసార్లు తరువాతి హుకుం కోసం కాచుకొని ఉందని అర్థం. ఆగిన యంత్రం వేరు, కరెంటు తీసి తాళం వేసిన యంత్రం వేరు. ఈ ఒక్క తేడా తెలియక పోయిన ప్రాణాలివి.

సైటులో ఇంకా కొన్ని అపాయాలున్నాయి. తిరిగే చెయ్యి మనిషిని కొట్టడం ఒకటి. యంత్రానికీ గోడకూ మధ్య నలిగిపోవడం ఇంకొకటి. ఇది పక్కవాళ్ళకే కాదు, డబ్బా పట్టుకున్నవాడికే జరగొచ్చు. యంత్రాన్ని వెనక్కి నడుపుతా తానే గోడకు ఆనుకుంటాడు. తరువాత హైడ్రాలిక్ గొట్టం పగిలి వేడి నూనె చిమ్మడం, పగిలిన ముక్క ఎగిరి తగలడం, కాళ్ళు సరిగా ఆనక యంత్రమే ఒరిగిపోవడం.

ఎంత దూరం? ఒక చిన్న లెక్క

సరే, ఎంత దూరంలో నిలబడాలి? దీనికి లెక్క ఉంది. రోబోల భద్రతకు ఐఎస్ఓ 10218 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మనిషీ రోబో కలిసి పనిచేసే చోట పాటించవలసిన విషయాలు 2016లో వచ్చిన ఐఎస్ఓ 15066లో చెప్పినారు. వాటి సారాంశాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే.

మనిషి నడక వేగాన్ని ఇటువంటి లెక్కల్లో సెకనుకు 1.6 మీటర్లుగా తీసుకుంటారు. రోబో చేతి వేగం సెకనుకు 1.5 మీటర్లు అనుకుందాం. మనిషి వస్తున్నాడని సెన్సరు గుర్తించి హుకుం ఇవ్వడానికి 0.1 సెకను పడుతుంది. బ్రేకు పడి చెయ్యి పూర్తిగా ఆగడానికి ఇంకో 0.5 సెకను.

ఈ 0.6 సెకనులో మనిషి ఆగడు, నడుస్తానే ఉంటాడు. 1.6ను 0.6తో హెచ్చిస్తే 0.96 మీటరు. సెన్సరు ఆలోచించే 0.1 సెకనులో రోబో చెయ్యి 0.15 మీటరు కదులుతుంది. బ్రేకు పడినాక వేగం క్రమంగా తగ్గుతుంది కాబట్టి సగటున ఇంకో 0.375 మీటరు జరుగుతుంది. మొత్తం కలిపితే దాదాపు 1.5 మీటర్లు. దీనికి మనిషి చాచిన చెయ్యి, సెన్సరు కొలతలో పొరపాటు కోసం ఇంకో మీటరు కలుపుకుంటే రెండున్నర మీటర్లు. అంటే చెయ్యి అందే చివరి అంచు నుంచి రెండున్నర మీటర్ల లోపలికి మనిషి వచ్చేసరికే యంత్రం ఆగడం మొదలుపెట్టి ఉండాలి.

మనకు అరసెకను అంటే లెక్కలోకే రాదు. కానీ ఆ అరసెకనుకు విలువ ఒక బారెడు నేల. మనుషులు దగ్గర నిలబడి రోబోకు పని నేర్పేటప్పుడు దాని వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటగూడదని నియమం పెట్టింది కూడా ఇందుకే. ఆ వేగంలో వచ్చే చెయ్యి నుంచి మనిషి పక్కకు తప్పుకోగలడు.

ఇంకో చక్కటి అమరిక చెప్తాను. పని నేర్పేవాడి చేతిలో ఒక మీట ఉంటుంది. దానికి మూడు స్థితులు. వదిలేస్తే రోబో ఆగుతుంది. మధ్యకు నొక్కి పట్టుకుంటే కదులుతుంది. మరీ గట్టిగా నొక్కితే మళ్ళీ ఆగుతుంది. ఎందుకిట్లా? భయపడిన మనిషి చేతిలోది వదిలేయనైనా వదిలేస్తాడు, బిగించి పట్టుకోనైనా పట్టుకుంటాడు. ఏది చేసినా యంత్రం ఆగాలి. మనిషి భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న డిజైను ఇది.

బోర్డు మీద ఎందుకు నేర్పలేం?

పై లెక్క బోర్డు మీద పది నిమిషాల్లో చెప్పొచ్చు. పరీక్షలో మనం రాసేస్తాం కూడా. కానీ సైటులో దుమ్ము లేచి, మిల్లరు మోత చెవులు పగలగొడతా ఉంటే, వెనకనుంచి మేస్త్రి కేకలేస్తా ఉంటే, రెండున్నర మీటర్లంటే ఎంతో కంటికి తెలియాలి. అది పుస్తకంతో రాదు. పోనీ నిజమైన యంత్రం పక్కన నిలబెట్టి నేర్పుదామంటే, తప్పు చేస్తేనే గదా నేర్చుకునేది, ఇక్కడ తప్పు చేస్తే నేర్చుకోవడానికి మనిషే మిగలడు.

విమానాలు నడిపేవాళ్ళకు ఈ చిక్కు ముందే వచ్చింది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో దానికి ఒక దారి కనిపెట్టినాడు. వాళ్ళ నాయనది ఆర్గన్లు చేసే వ్యాపారం. ఆ ఆర్గన్ తిత్తులతోనే నేల మీద అటూ ఇటూ ఒరిగే ఉత్తుత్తి విమానం తయారుచేసినాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లెక్కలేనంత మంది పైలట్లు దాంట్లో కూర్చొని, నేలమీదనే వందసార్లు కూలిపోయి, ఆ తరువాతనే ఆకాశానికి ఎగిరినారు.

వర్చువల్ రియాలిటీ ఆ తిత్తుల విమానానికి మనుమడు వంటిది. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెరను చేసినాడు. అది ఎంత బరువంటే ఇంటి కప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. ఇప్పటిది అరకిలో అటూ ఇటూ ఉండే కళ్ళజోడు. రెండు కళ్ళకు రెండు చిన్న తెరలు, ముందర రెండు కటకాలు. ఒకే దృశ్యాన్ని రెండు కళ్ళకూ కొంచెం తేడాతో చూపిస్తే మెదడు దానికి లోతు కల్పించుకుంటుంది. తల తిప్పితే లోపలి సెన్సర్లు గుర్తుపట్టి, దృశ్యాన్ని కూడా ఆ వైపుకే తిప్పుతాయి. సెకనుకు 70 నుంచి 90 బొమ్మలు మారుతా ఉంటాయి. తల తిప్పడానికీ బొమ్మ మారడానికీ మధ్య ఆలస్యం సెకనులో యాభయ్యో వంతు దాటితే కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. అంతా సరిగా కుదిరితే ఎదురుగా గోడ లేదని తెలిసినా మనిషి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. సినిమాలో పులిని చూస్తే కుర్చీలో కూర్చొనే ఉంటాం. ఇక్కడ కాళ్ళు వెనక్కి పోతాయి. ఆ వెనక్కి పోవడమే మనకు కావలసిన చదువు.

పాఠం ఎట్లా నడుస్తుంది?

మంచి పాఠం ఎట్లా ఉండాలో వరసగా చూద్దాం.

మొదట విద్యార్థిని ఖాళీ సైటులో నిలబెడతారు. ఎదురుగా రోబో. దాని చెయ్యి ఎంతవరకు చాచగలదో, ఎంత తిరగగలదో నిజమైన యంత్రం కొలతల ప్రకారమే ఉంటుంది. చుట్టూ ఎర్రటి గీత కనిపిస్తుంది. విద్యార్థి తిరిగి చూసి దూరం కంటికి పట్టించుకుంటాడు.

రెండోసారి ఆ గీత తీసేస్తారు. ఇప్పుడు అంచు ఎక్కడో తానే ఊహించి నిలబడాలి. తప్పుగా నిలబడితే గంట మోగుతుంది. మనలో చాలామంది తాము ఉన్న దూరాన్ని సరిగా ఊహించుకోలేమని ఇక్కడ తెలిసొస్తుంది.

మూడోసారి పని ఇస్తారు. ఇటుకల లెక్క చూడమంటారు. కరెంటు వైరు పక్కకు లాగమంటారు. పనిలో పడినాక మనిషి రోబోను మరిచిపోతాడు. అప్పుడే యంత్రం ఆగుతుంది. విద్యార్థి ఏం చేస్తాడు? కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, తన పేరు రాసిన చీటీ తగిలించి పోతాడా? లేక ఆగింది గదా అని పోతాడా?

నాలుగోసారి డబ్బా అతని చేతికే ఇస్తారు. ఇప్పుడు దుమ్ము లేస్తుంది. పిట్టగోడ చాటున కూలీ ఒకడు కనిపించీ కనిపించకుండా వస్తాడు. ఎర్రటి ఆపుడు మీటను విద్యార్థి ఎన్ని సెకన్లలో నొక్కినాడో యంత్రం రాసుకుంటుంది.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. జరిగిందంతా పై నుంచి చూపిస్తారు. తాను ఎక్కడ నిలబడినాడో, ఎటు చూస్తున్నాడో, చెయ్యి ఎటునుంచి వచ్చిందో డేగ పైనుంచి చూసినట్టు కనిపిస్తుంది. రక్తం, అరుపులు చూపించవలసిన పని లేదు. తాను ఎక్కడ పొరబడినాడో తన కళ్ళతో చూసుకుంటే చాలు. ఆ తరువాత మాస్టారు, విద్యార్థి కూర్చొని మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడుకోవడం లేకపోతే మిగిలేది వీడియో ఆటే.

ఫలితం ఉందా?

ఇది గారడీనా, నిజంగా పనిచేస్తుందా అని అడగడం న్యాయమే. ఇజ్రాయెల్ దేశంలో టెక్నియాన్ అనే సాంకేతిక విద్యాసంస్థ వారు 2013లో ఒక అధ్యయనం ప్రకటించినారు. 66 మందిలో కొందరికి మామూలు తరగతిలో, కొందరికి వర్చువల్ రియాలిటీలో నిర్మాణ భద్రత నేర్పి పోల్చి చూసినారు. గోడకు రాతి పలకలు తాపడం చేసే పని, సైటులో కాంక్రీటు పోసే పని విషయంలో వర్చువల్ రియాలిటీలో నేర్చుకున్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. సైటు భద్రత గురించిన సాధారణ విషయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఇది నిజాయితీగా తోచింది. హెల్మెట్ పెట్టుకో అని చెప్పడానికి కళ్ళజోడు అక్కరలేదు. కంటికీ కాలికీ అలవాటు కావలసిన పనికి కావాలి.

అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో మన విషయానికి సరిగ్గా సరిపోయే పరిశోధన ప్రకటించినారు. 50 మంది నిర్మాణ కార్మికులను తీసుకొని, దూరంనుంచి నడిపే పడగొట్టే రోబో మీద సగం మందికి మామూలు పద్ధతిలో, సగం మందికి వర్చువల్ రియాలిటీలో శిక్షణ ఇచ్చినారు. తెలివిడిలోనూ, నడిపే నేర్పులోనూ, జాగ్రత్తగా మెలగడంలోనూ రెండో జట్టువాళ్ళు ముందున్నారు. వాళ్ళు నేర్పింది కార్మికులకన్నది గమనించాలి. ఇంజనీర్లతో ఆగిపోలేదు.

కళ్ళజోడుకు కనిపించనివి

లోపాలు కూడా చెప్పుకోవాలి. కళ్ళజోడులో బరువు తెలియదు. అదురు తెలియదు. ఏప్రిల్ మధ్యాహ్నం మన అనంతపురం ఎండలో ఇనుప టోపీ కింద తల ఎట్లా తిరుగుతుందో ఏ కళ్ళజోడూ చూపించలేదు. ఎండకు సోలిన మనిషి మీటను ఆలస్యంగా నొక్కుతాడు. ఏసీ గదిలో వచ్చిన మార్కులు సైటులో రావు. కొందరికి కళ్ళు తిరుగుతాయి, వాళ్ళను బలవంతపెట్టకూడదు. అన్నిటినీ మించిన ప్రమాదం, ఆటలో పది ప్రాణాలు ఉంటాయి గదా అనే ధీమా నిజంలోకి కూడా తోడొచ్చేయడం. కాబట్టి కళ్ళజోడు చదువు తరువాత నిజమైన యంత్రం దగ్గర, అనుభవం ఉన్న మనిషి పక్కన, నిదానపు వేగంలో నేర్చుకునే మెట్టు తప్పక ఉండాలి. ఒకటి రెండోదానికి బదులు కాదు.

భాష ఇంకో సంగతి. హెచ్చరిక ఇంగ్లీషులో మోగితే కదిరి పిల్లోనికి ఏం తెలుస్తుంది? బెంగుళూరు సైటులో తెలుగువాడు, కన్నడిగుడు, బీహారు మనిషి, ఒడియా మనిషి ఒకే అంతస్తులో పనిచేస్తా ఉంటారు. పాఠం వాళ్ళ వాళ్ళ భాషల్లో వినపడాలి. ఇది పెద్ద ఖర్చు పనేమీ కాదు, తలుచుకోవాలి అంతే.

మనకెందుకు ఇదంతా?

అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు. పంట పోయిన ఏడు పల్లెలో తాళాలు పడతాయి. బెంగుళూరు మేడల పరంజాల మీద మన మాట వినిపిస్తుంది. నిర్మాణ రోబోలు ముందుగా వచ్చేది అటువంటి పెద్ద ఊళ్ళకే. అంటే ఆ యంత్రం పక్కన మొదట నిలబడేవాళ్ళు మన ఊరివాళ్ళు. ఆ పనికి బాధ్యులుగా సంతకం పెట్టేవాళ్ళు మనం.

గిండీలో 1946లో మొదలై, 1948లో అనంతపురానికి తరలి వచ్చిన ఇంజనీరింగ్ కళాశాల వంటి పాత విద్యాసంస్థ ఉన్న ఊరు మనది. మిత్రులకు నాదొక మనవి. కళ్ళజోళ్ళు వచ్చేదాకా కాచుకోనక్కరలేదు. ఒకటి దొరికినా దాని దృశ్యాన్ని గోడమీద తెరకు చూపిస్తే తరగతి అంతా చూడొచ్చు. అది కూడా లేకపోతే ఒక సాయంకాలం గ్రౌండుకు రండి. మూడు మీటర్ల వెదురుబొంగు ఒకటి, గంపెడు సున్నం, పది ఇటుకలు చాలు. ఒకడు బొంగు చివర గుడ్డ చుట్టి, పట్టుకొని మధ్యలో నిలబడాలి. వాడే రోబో. బొంగు అందే మేరకు ఒక వలయం, దానికి రెండున్నర మీటర్లు బయట ఇంకో వలయం సున్నంతో గీయండి. ఇటుకలు లోపల పెట్టి, మిగిలినవాళ్ళను తెచ్చుకోమనండి. బొంగు పట్టుకున్నవాడు తనకు తోచినప్పుడు ఆగాలి, తోచినప్పుడు నిదానంగా తిరగాలి. ఎవరు ఆగిన బొంగును నమ్మి లోపలికి పోయినారో రాసుకోండి. తరువాత వలయాలు చెరిపేసి మళ్ళీ ఆడండి. అరగంటలో అర్థమయ్యేది అరవై పేజీల్లో అర్థం కాదు.

మామకు నేను ఆలస్యంగా ఫోన్లో జవాబు చెప్పినాను. "మామా, డబ్బా పట్టుకున్నాయనకు కనపడని చోట్లు ఎన్ని ఉన్నాయో చూపించి నేర్పింటే ఆయన ముందర ఒక మనిషిని కాపలా పెట్టుకునేవాడు. పిల్లోనికి ఆగిన మిషను చచ్చిన మిషను కాదని నేర్పింటే కిందికి దూరేవాడు కాదు. నేర్పకుండా ఇద్దరినీ అక్కడ నిలబెట్టినోళ్ళది తప్పు."

మామ కాసేపు పలకలేదు. తరువాత అన్నాడు: "అంటే రేపు నువ్వు ఇంజనీరు అయినాక నీది అన్నమాట."

"అవును మామా, నాదే" అన్నాను.